అమ్మను దాటిస్తున్నాను

ఓడ కదిలింది. కదిలినప్పుడు కింద ఇంజను దడ ముందు బెంచీలోకి, బెంచీలోంచి నా నడుములోకి, నడుములోంచి కడుపులోకి వచ్చింది. లోపలి బిడ్డ ఉలిక్కిపడి ఒక తన్ను తన్నింది, ఒళ్ళో ఉన్న నా కూతురు లాంగి బయటినుంచి మడమతో ఇంకోటి తన్నింది. ఇద్దరికీ మధ్య నేను. నా పాదాల దగ్గర చాప మీద అమ్మ, ముఖం అటు తిప్పుకుని, ఓడ ఇనపగోడకేసి. ములిఫనువా రేవు వెనక్కి పోతోంది. ఒక గంట, గాలి ఎక్కువైతే ఇంకాస్త, తర్వాత అవతలి ఒడ్డున సలెలొలొంగా, అక్కడ నా మొగుడు ఎతువాటి బండి పెట్టుకుని నిలబడి ఉంటాడు, అక్కణ్ణించి ఇల్లు. అమ్మని ఆసుపత్రినుంచి ఇంటికి తీసుకెళ్తున్నాను. ఈ మాట పైకి అంటే ఎంత బావుంటుందో, వినేవాళ్ళు నయమైందన్నమాట అనుకుంటారు, టిక్కెట్లిచ్చే అమ్మాయి అలాగే అంది కూడా, నేను తలూపి చిల్లర తీసుకున్నాను. ఏమని చెప్పను, నయం కాదని తేలింది కాబట్టే తీసుకెళ్తున్నానని, డయాలసిస్ యంత్రం పక్కన ఇక పడుకోనని అమ్మ చెప్పేసిందని, పడుకోకపోతే వారమో, దేవుడు దయతలిస్తే ఇంకాస్తో అని డాక్టరమ్మ అందని, ఆ వారంలో సగం పట్నంలో, ఆపియాలో, కాగితాలకీ మందులకీ అప్పుడే ఖర్చయిపోయిందని.

"అమ్మా," అంటోంది లాంగి. నన్ను కాదు. చాపకేసి చెయ్యి చాచి, కింద పడుకున్న ఆవిడ వీపుకేసి, "అమ్మా, లే." నన్ను తీసా అంటుంది. తిరేసా అనడానికి నోరు తిరగదు, ఇంట్లో అందరూ తిరేసా తిరేసా అని కేకేస్తుంటే విని అదీ అలాగే నేర్చుకుంది, తీసా నీళ్ళు, తీసా పాలు, తీసా ఎత్తుకో. నాకేమీ అనిపించేది కాదు. మా వైపు మొదటి బిడ్డని అమ్మమ్మ ఒళ్ళోనో నానమ్మ ఒళ్ళోనో పెట్టేస్తాం, అడగడమూ ఉండదు ఇవ్వడమూ ఉండదు, వాన కురిస్తే పీపా పట్టినంత మామూలుగా జరిగిపోతుంది. నేను కూడా మా అమ్మమ్మని అమ్మా అన్నాను, ఈ అమ్మని మసినా అని పేరు పెట్టే పిలిచాను, బళ్ళో వేసేదాకా. లాంగి పుట్టిన నెల తిరక్కుండానే నేను మనాసే తీరంలో హోటల్లో పనికి వెళ్ళిపోయాను, తెల్లటి దుప్పట్లు ఉతకడం, ఆరెయ్యడం, మడత పెట్టడం, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికొస్తే దోమతెరలో అమ్మ పక్కన లాంగి నిద్రపోతూ ఉండేది, అమ్మ చెయ్యి దాని పొట్ట మీద. తెర ఎత్తితే దోమలొస్తాయని అమ్మ సైగ చేసేది. నేను బయటే కూర్చుని చూసేదాన్ని.

తర్వాత అమ్మ కాళ్ళు వాచాయి. నొక్కితే పడిన గుంట పూడేది కాదు, అదొక ఆట అయింది ఇంట్లో, లాంగి బొటనవేలితో నొక్కడం, గుంట చూసి నవ్వడం, అమ్మా నవ్వడం. నవ్వుతూ నవ్వుతూ ఒకరోజు ఊపిరందక చాప మీదనుంచి లేవలేకపోయింది. తువసివి ఆసుపత్రి, అక్కణ్ణించి ఓడ, ఆపియా. ఆ యంత్రం ఈ నీళ్ళకి ఆపియా వైపే ఉంది, మా ద్వీపంలో లేదు. అందుకని అమ్మ వైతెలెలో చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది, మా సీనా పిన్ని ఇంట్లో, వారానికి మూడుసార్లు వెళ్ళి ఆ కుర్చీలో పడుకోవడం, చేతిలో రెండు సూదులు, ఒంట్లో రక్తమంతా బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావడం. ఫోనులో అడిగితే, యంత్రానికి నా రక్తం రుచి మరిగింది, నేను మానేసినా అది మానేలా లేదు అనేది. నేను హోటల్ పని మానేశాను. లాంగి నా చేతికొచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలుసు, మెట్టు మీద కూర్చుని దారికేసి చూస్తూ అమ్మా అని పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయి, ఎత్తుకుంటే వీపు విరుచుకుని జారిపోయి, చివరికి ఎవరూ రారని అలిసిపోయి నా పక్కన పడుకుంది. నా మీద ప్రేమతో కాదు, నిద్రొచ్చి.

గాలి పెరిగింది. మనోనో ద్వీపం దాటినట్టున్నాం. పక్క బెంచీలో ముసలావిడ ఎవరో, ఏ ఊరో తెలియదు, ఎక్కిన దగ్గర్నుంచీ విసనకర్రతో అమ్మకి విసురుతోంది, ఏమైందని అడగలేదు, మెడ దగ్గర గొట్టమూ దానిమీద అంటించిన తెల్లటి పట్టీ చూసింది, అంతే. ఆవిడ పక్కన తాటాకు బుట్టలో కొబ్బరిబొండాలు. వాటికేసి చూడకూడదనుకున్నాను. అమ్మ కూడా చూసింది, ఎక్కేటప్పుడు చూసి ఏమీ అనకుండా పడుకుంది. ఏడాదిగా అమ్మకి నీళ్ళంటే రోజుకి రెండు చిన్న గ్లాసులు, మాత్రలు మింగడం కూడా అందులోనే. చామదుంప వద్దు, అరటి వద్దు, కోకో వద్దు, కొబ్బరినీళ్ళు అసలే వద్దు, గుండె ఆగిపోతుంది. దాహంతో అమ్మ స్నానం చేస్తూ తడిగుడ్డ నోట్లో పెట్టుకుని పీల్చేదని పిన్ని చెప్పింది, చూసీ చూడనట్టు ఊరుకునేదాన్నే అంది, ఎంతని చెప్పను అక్కకి.

పిన్ని ఇంకోటి కూడా చెప్పింది. నిన్న వంటపాకలో, కొబ్బరి కోరుతూ, నాకేసి చూడకుండా. చేతిలో సూదులు గుచ్చే నరం మూసుకుపోయినప్పుడే అమ్మ ఇక చాలంటోందని, అది ఈ ఏడు మొదట్లో మాటని. డాక్టరమ్మతో కూర్చుని మాట్లాడి, ఇంటికెళ్ళడానికి సంచీ కూడా సర్దుకుందట. ఆ వారమే నేను ఫోను చేశాను. అమ్మా, మళ్ళీ నెల తప్పింది అన్నాను.  అమ్మ, మంచిది, అయితే ఉంటాలే, అంది. ఉంటాలే అంటే అక్కడ ఆపియాలో ఉంటానని అనుకున్నాను, ఇంకేమనుకుంటాను. సంచీలోంచి బట్టలు తీసి మళ్ళీ పెట్టెలో పెట్టుకుందట. మెడలో గొట్టం వేయించుకుంది. అది చీము పడితే తీసి ఇటువైపు వేశారు, ఇదీ పాడైంది. ప్రతి ఫోనులోనూ నేను, బిడ్డ పుట్టేదాకా అమ్మా, పుట్టేదాకా ఓపిక పట్టు అంటూనే ఉన్నాను, ఊరికే, అందరూ అనేలాగే. ఆవిడ దాన్ని పనిగా పెట్టుకుందని నాకెలా తెలుస్తుంది. ఇంకా రెండు నెలలుంది. నిన్న నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మంచం మీదనుంచి అమ్మ అన్న మొదటి మాట, నాచేత కాలేదే తల్లీ, అని. ఏం చేతకాలేదో అర్థంకాక, ఏదో లేవబోయి లేవలేకపోయిందేమోననుకుని, లేవకులే అన్నాను.

దేవుడా, లేవకులే అన్నాను.

లాంగిని అందుకే తెచ్చాను, కడుపుతో ఉండి చంటిదాన్ని వేసుకుని ఓడ ఎందుకే, నా దగ్గర వదిలెళ్ళు అని ఎతువాటి అన్నా వినకుండా, అమ్మ కళ్ళు విచ్చుకుంటాయని. మొన్నమొన్నటిదాకా నెలకొకసారి తీసుకొస్తూనే ఉన్నాను, వచ్చిన ప్రతిసారీ అది పరిగెత్తి అమ్మ మంచమెక్కేది. నిన్న కూడా పరిగెత్తింది. అమ్మ చేతులు దుప్పటి కిందికి లాక్కుంది. నా కళ్ళారా చూశాను, లాక్కుని, గోడవైపు తిరిగింది. లాంగి మంచం పట్టె పట్టుకుని నిలబడి దుప్పటి లాగింది, అమ్మా అంది, దాక్కుంటోందనుకుని నవ్వింది, కాసేపటికి నవ్వడం ఆపింది. నొప్పేమో, నీరసమేమో అనుకున్నాను. కానీ పిన్ని గంజి తెస్తే చేతులు బయటికొచ్చాయి. లాంగి దగ్గరికొస్తే మళ్ళీ లోపలికి. సాయంత్రమంతా అంతే, ఇవాళ పొద్దున బండిలో అంతే, ఈ ఓడలో అంతే. ఎవరిని అడగను, ఏమని అడగను. అది రెండేళ్ళ పిల్ల. ఏం తప్పు చేసిందో దానికే తెలియదు, నా ఒళ్ళో కూర్చుని ఆ వీపుకేసే చూస్తోంది.

అపోలిమా ద్వీపం కనిపిస్తోంది కిటికీలోంచి, నీళ్ళలో బోర్లించిన గిన్నెలాగా. ఇక్కడ ఎప్పుడూ సముద్రం మాట వినదు, రెండు ద్వీపాల మధ్య నీళ్ళు ఇరుక్కుని తోసుకుంటాయి. ఓడ ఒక పక్కకి ఒరిగింది, ఆగింది, ఇంకో పక్కకి ఒరిగింది. కిందెక్కడో లారీ గొలుసులు గరగరమన్నాయి. లాంగి ముఖం పాలిపోయింది, నాకు తెలుసు ఏం వస్తోందో, తువ్వాలు అందుకునేలోపే నా రొమ్ముల మీద, నడుముకి చుట్టుకున్న లావలావా మీద, పొద్దున తాగిన పాలన్నీ. పుల్లటి వాసనకి పళ్ళు బిగించాను. నేను వాంతి చేసుకుంటే దీన్నెవరు పట్టుకుంటారు. తుడుస్తున్నాను, అది నా చేతుల్లోంచి కిందికి వేలాడి రెండు చేతులూ చాపకేసి చాచి అమ్మా అమ్మా అని ఏడుస్తోంది, ఊపిరి పట్టి, పెదాలు నీలంగా. ముసలావిడ విసరడం ఆపింది. హాలులో జనం చూస్తున్నారు. అమ్మ వీపు కదల్లేదు.

"అమ్మా, ఒక్కసారి తీసుకో," అన్నాను.

"వద్దు, అలవాటు చెయ్యకు." గోడతో అన్నట్టు అంది.

"అలవాటేమిటి, పుట్టినప్పట్నుంచీ నీ పక్కలోనే కదా పడుకుంది."

"అందుకేనే. నేను పోయాక నా చాప దగ్గర కూర్చుని ఏడుస్తుంది. ఆపలేవు నువ్వు, కడుపుతో ఉన్నదానివి. నిన్న ఏడ్చింది, ఇవాళ ఏడుస్తుంది, రేపు కొంచెం తగ్గుతుంది. నేను పోయేనాటికి దానికి నా మీద విసుగు పుడితే మంచిది."

ఓపిక లేక మధ్యమధ్య ఆగుతూ ఆగుతూ చెప్పింది, బజారుకెళ్ళేముందు ఇంట్లో పనులు పురమాయించినంత నింపాదిగా. నిన్నట్నుంచీ గుండెలో పెట్టుకుని నమిలిన కోపమంతా ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. నాకోసం. ఇది కూడా నాకోసమే. మెడలో గొట్టమూ నాకోసమే, దుప్పటి కింద చేతులూ నాకోసమే. ఆ చేతులు దుప్పటి కింద ఏం చేస్తూ ఉండి ఉంటాయి ఇంతసేపూ, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయా.

"అమ్మా, నువ్వింకా బతికే ఉన్నావు," అన్నాను. "ఏడిస్తే నేను చూసుకుంటాను. ఉన్నంతవరకూ దానికి ఉండు."

 ఓడ రెండుసార్లు ఒరిగి లేచింది. తర్వాత మెల్లగా, మోచెయ్యి నేలకి ఆనించి, అమ్మ ఇటు తిరిగింది. ముఖమంతా ఉబ్బి, పసుపురంగు తిరిగి, కళ్ళు మాత్రం మా అమ్మవి. దుప్పటి ఎత్తింది, దోమతెర ఎత్తినట్టే, ఒక పిల్ల పట్టేంత. "రావే దొంగా," అంది. నేను లాంగిని కిందికి దించాను. అది దోగాడుకుంటూ వెళ్ళింది, నడవడం వచ్చినా దోగాడుకుంటూనే, చిన్నప్పుడు ఆ పక్కలోకి ఎలా వెళ్ళేదో అలా. వెళ్ళి ముఖం అమ్మ మెడలో పెట్టింది. ఆగింది. ముఖం పైకెత్తి అమ్మని చూసింది, గొట్టాన్ని చూసింది, ముక్కు ముడుచుకుంది. అమ్మ ఊపిరిలో ఇప్పుడొక వాసన, ఉచ్చ కంపులాంటిది, ఒంట్లోంచి పోవలసింది పోక, నాలుగైదు రోజుల్నుంచి. మేము పెద్దవాళ్ళం కాబట్టి ఏమీ లేనట్టు కూర్చుంటాం. లాంగి వెనక్కి జరిగింది. ఇంకాస్త జరిగింది. వచ్చి నా మోకాలు పట్టుకుని, ఏడవకుండా, దాని వెనకనుంచి అమ్మని చూస్తూ నిలబడింది, కొత్తవాళ్ళని చూసినట్టు.

అమ్మ దుప్పటి ఇంకా ఎత్తే పట్టుకుని ఉంది. కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత దించేసింది. "ముక్కు నాదే," అంది ముసలావిడతో. "వంటపాకలో ఏది మాడినా నాకు రోడ్డు మీదే తెలిసిపోయేది." ముసలావిడ నవ్వింది, నవ్వుతూనే విసనకర్ర అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంది. నేను నవ్వలేకపోయాను. ఉన్నంతవరకూ ఉండు అన్నది నేనే కదా. రెండు రోజులు పళ్ళబిగువున దాచుకున్న చేతులు నా మాట మీదే బయటికి తీసింది.

"నాకో బొండాం ఇప్పించవే," అంది అమ్మ, అదే గొంతుతో.

అడుగుతుందని తెలుసు. డాక్టరమ్మ చెప్పింది, ఇక పథ్యాలేవీ వద్దు, ఆమెకి ఏది తినాలనిపిస్తే అది పెట్టండి అని, చెప్పి నా భుజం మీద చెయ్యి వేసింది, ఆ మాట విన్నప్పుడు కాదు, ఆ చెయ్యి పడినప్పుడు నాకు అర్థమైంది. అయినా నోరు ఊరుకోలేదు. "అమ్మా, ఇంటికెళ్ళాక," అన్నాను. ఇంటికెళ్తే ఏం మారుతుంది. అక్కడ ఎతువాటి ఉంటాడు, వాడి చేత్తో ఇస్తాడు, నా చేత్తో కాదు, అదీ సంగతి. అమ్మ నాకేసి చూసింది. "ఇల్లొచ్చేదాకా దాహం ఆగుతుందేమిటే పిచ్చిదానా." ముసలావిడ నా జవాబు కోసం చూడలేదు, పక్కనున్న మొగుణ్ణి మోచేత్తో పొడిచింది, ఆయన బుట్టలోంచి ఒకటి తీసి కత్తితో మూడు వేట్లు వేసి నా చేతికిచ్చాడు. బరువుగా, చల్లగా, లోపల నీళ్ళు ఓడతోపాటు ఊగుతూ. పెద్ద కడుపుతో నేల మీద కూర్చోవడానికి నాకు చాలాసేపు పట్టింది, బెంచీ పట్టుకుని, ఒక మోకాలు, ఇంకో మోకాలు. అమ్మ తల నా తొడ మీద పెట్టుకున్నాను. బొండాం పెదాలకి ఆనించాను.

తాగింది. నేను అలా తాగడం ఎవరినీ చూడలేదు. గొంతు కదులుతోంది, మెడ పక్కన పట్టీ కదులుతోంది, బుగ్గలమీంచి చెవుల్లోకి కారుతోంది, ఆగదు, కళ్ళు మూసుకుని, నేను తీయబోతే చేత్తో పట్టుకుంది, ఆ చేతిలో అంత బలం ఇంకా ఉందా. మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుని, "దీని రుచి మర్చిపోయాననుకున్నాను," అంది. మళ్ళీ తాగింది. గుండె ఆగిపోతుందేమో ఇక్కడే, ఈ గుక్కలోనే, నా ఒళ్ళోనే, అని నా వేళ్ళు ఆమె మణికట్టు మీద ఉన్నాయి, ఎప్పుడు పెట్టానో తెలియదు. కొట్టుకుంటోంది. ఒకటి తప్పి, మళ్ళీ కొట్టుకుంటోంది.

అయిపోయాక చాలాసేపు కళ్ళు తెరవలేదు. నిద్రపోయిందనుకున్నాను. లాంగి నా వీపుకి ఆనుకుని వేలు చీకుతోంది, వాంతితో అలిసిపోయింది. కడుపులో బిడ్డ సరిగ్గా అమ్మ తల ఆనిన చోటే తన్నింది, అమ్మకి తెలిసింది, కనుబొమలు కదిలాయి.

"దీన్నెవరికీ ఇవ్వకు," అంది కళ్ళు తెరవకుండానే. "అత్తగారు అడిగినా, సీనా అడిగినా ఇవ్వకు. నీ దగ్గరే పడుకోబెట్టుకో."

సరే అన్నాను.

"లాంగి అప్పుడు, హోటలుకి వెళ్ళేముందు రాత్రి, నీకు పాలు గడ్డకట్టి మూలిగావు. గుడ్డ నోట్లో కుక్కుకుని మూలిగావు, ఎవరూ వినకూడదని. నేను విన్నాను తల్లీ. పిల్ల నా పక్కలోనే మెలకువగా ఉంది. లేచి నీ ఒళ్ళో పెడితే సరిపోయేది." ఆగింది. "పెడితే మళ్ళీ ఇవ్వవేమోనని, పెట్టలేదు."

ఓడ ఇంజను మోత మారింది, అపోలిమా వెనకబడింది, నీళ్ళు చదునవుతున్నాయి. ఆ రాత్రి నాకు గుర్తుంది. రొమ్ములు రాళ్ళలాగా, ముట్టుకుంటే మంట, చల్లదనానికి క్యాబేజీ ఆకులు పెట్టుకుని గోడల్లేని ఇంట్లో ఆ చివర నేను, ఈ చివర దోమతెర తెల్లగా, అందులో అమ్మ నిద్రపోతోందనుకున్నాను. కోపం రావాలి కదా నాకు. వెతికాను, లోపల ఎక్కడైనా ఉందేమోనని. దొరికింది ఒక్కటే, తెర అవతల మెలకువగా పడుకుని నా మూలుగు వింటూ పిల్లని వదల్లేక వదల్లేక హత్తుకున్న ఒక ఆడమనిషి. ఇప్పుడు నా తొడ మీద తల పెట్టుకున్న ఈ మనిషే.   నుదుటి మీద అతుక్కున్న వెంట్రుకలు వెనక్కి తోశాను, మళ్ళీ తోశాను. అవి వెనక్కి వెళ్ళిపోయాక కూడా తోస్తూనే ఉన్నాను.

సలెలొలొంగా. గొలుసులు, కేకలు, ఇనప తలుపు నేలకి దిగిన చప్పుడు. బళ్ళు ముందు దిగాలి, తర్వాత జనం, అయినా ఎతువాటి ఎవరినో బతిమాలి పైకొచ్చేశాడు, చెమటలు కక్కుతూ. అమ్మని చూసి ఒక క్షణం నిలబడిపోయాడు, కిందటి నెల చూసిన మనిషి కాదు. "అత్తమ్మా, పట్టుకోనా," అన్నాడు. "పట్టుకో, కానీ పడేశావంటే బిల్లు నీకే వేస్తా," అంది అమ్మ. వంగి, చాపతో సహా కాదు, మనిషినే, చంటిపిల్లని ఎత్తినట్టు రెండు చేతుల మీదా ఎత్తాడు. అంత తేలిగ్గా లేస్తుందనుకోలేదు కాబోలు, తూలి నిలదొక్కుకున్నాడు. ముసలావిడ సంచీ అందించింది. నేను లాంగిని చంకకెత్తుకున్నాను, బరువులెత్తకు అన్నారు, ఎత్తుకున్నాను. వాలుబల్ల మీద మెల్లగా దిగుతున్నాం, ముందు వాడు, వాడి మోచేతి మీదనుంచి వేలాడుతూ అమ్మ కాళ్ళు, వెనక నేను, ఎండ, పెట్రోలు వాసన, ఇంటివైపునుంచి వచ్చే గాలి. సగం దూరంలో అమ్మ ఎడమకాలి చెప్పు జారి పడింది. రబ్బరు చెప్పు, నీలం పట్టీలది. ఎతువాటి చూడలేదు, వెళ్ళిపోతున్నాడు. అమ్మకీ తెలియలేదు, ఆ కాలిలో ఇక ఏమీ తెలియడం లేదు. వెనకనుంచి ఎవరో, అమ్మా చెప్పు పడింది, అన్నారు. ఆ చెప్పుతో ఇక పనిలేదని నాకు తెలుసు. బండిలోంచి చాప మీదికి, చాప మీదనుంచి ఇక ఎక్కడికీ నడవదు. వెనక జనం ఆగిపోయారు, దారి ఇరుకు. లాంగిని దించాను. దాని చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, కడుపు అడ్డమొస్తుంటే పక్కకి తిరిగి, మోకాళ్ళు వంచి, వేళ్ళు చాచి చాచి ఆ చెప్పు అందుకున్నాను. అరిగిపోయిన మడమ, అయిదు వేళ్ళూ దిగబడిన గుంటలు. తడి తుడిచి చంకలో పెట్టుకుని, లాంగిని నడిపించుకుంటూ వాళ్ళ వెనకాల వెళ్ళాను.